డబ్బాల్లో వచ్చిన సైకిలు

విజయవాడ నుంచి ఒక తండ్రిగారు ఉత్తరం రాశారు. కొడుక్కి ఉద్యోగం వచ్చి ఏడాదైంది. బోనస్ చేతికి రాగానే మోటార్ సైకిలో, చెల్లెలికి బంగారమో కొంటాడనుకుంటే మామూలు సైకిలు కొన్నాడట. అదీ పూర్తి సైకిలు కాదు! మొదట ఒక పొడుగాటి డబ్బాలో ఫ్రేమూ, ఫోర్కూ దిగాయి. వారానికి మరో డబ్బాలో చక్రాలు. ఆ తర్వాత రోజుకో పొట్లం. కుర్రాడు హాల్లో పాత దుప్పటి పరిచి, అన్నీ దానిమీద పేర్చుకుని, తనే బిగించుకుంటానంటున్నాడు. ఫ్రేము ఎత్తి చూస్తే ఆటబొమ్మలా తేలిగ్గా ఉందనీ, ఆ ప్లాస్టిక్ బండేసుకుని హైవే ఎక్కితే ఏమవుతుందోనని వాళ్లమ్మగారికి నిద్ర పట్టడం లేదనీ రాశారు. ఆయన అడిగింది ఒక్కటే... వద్దని చెప్పాలా, వాడి ఇష్టానికి వదిలెయ్యాలా?

వద్దని చెప్పక్కర్లేదు. అలాగని వదిలెయ్యనూ అక్కర్లేదు. పక్కన కూర్చోండి. ఆ పనిలో నిజంగా భయపడాల్సిన చోట్లు మూడో నాలుగో ఉన్నాయి. మిగతాదంతా సరదాయే.

ముందు ఆ ‘ప్లాస్టిక్’ సంగతి చూద్దాం. అది కార్బన్ ఫైబర్. స్వెట్టర్లు అల్లే యాక్రిలిక్ దారం ఉంది చూశారూ, దాదాపు ఆ జాతి దారాన్నే గాలి తగలకుండా వెయ్యి డిగ్రీలకు పైగా కాలుస్తారు. మిగతావన్నీ ఎగిరిపోయి చివరికి కార్బన్ మాత్రం మిగులుతుంది. ఆ పోగు మందం అయిదు నుంచి ఏడు మైక్రాన్లు. అంటే మన తల వెంట్రుకలో పదోవంతు. 1960ల మొదట్లో జపాన్‌లో అకియో షిండో అనే శాస్త్రవేత్త ఈ దారి కనిపెడితే, 1971లో టోరే కంపెనీ దాన్ని వ్యాపార స్థాయిలో తయారుచెయ్యడం మొదలుపెట్టింది. విమానాలకూ, చేపలు పట్టే గేలాలకూ వాడగా వాడగా సైకిలుకూ వచ్చింది. 1986లో అమెరికా కుర్రాడు గ్రెగ్ లెమాండ్ టూర్ డి ఫ్రాన్స్ గెలిచింది కార్బన్ గొట్టాల సైకిలు మీదే.

పోగుల నుంచి ఫ్రేము ఎలా వస్తుందో తెలియాలంటే ఆత్రేయపురం పూతరేకును తలుచుకోండి. ఒక్క రేకు విడిగా ఉంటే ఊదితే ఎగిరిపోతుంది. నెయ్యి రాసి, పొర మీద పొర వేసి మడిస్తే చేతికి నిలుస్తుంది. ఇక్కడా అంతే. కార్బన్ పోగుల రేకులకు ముందే జిగురు పట్టించి ఉంచుతారు. వాటిని ముక్కలుగా కోసి, ఒకటి నిలువుగా, మరొకటి ఏటవాలుగా అచ్చులో పేరుస్తారు. ఒక్క ఫ్రేముకు వందల ముక్కలు. తైవాన్, చైనా ఫ్యాక్టరీల్లో ఇప్పటికీ ఇది చేతిపనే. లోపల గాలి తిత్తి పెట్టి ఉబ్బించి, అచ్చు మూసి వేడిచేస్తే జిగురు గట్టిపడి ఒకే చట్రం అవుతుంది. మన నల్ల సైకిలు 20 కిలోలు తూగితే, ఈ ఫ్రేము బరువు కిలోకు అటూ ఇటూ. అన్నీ బిగించాక కూడా బండి ఏడు, ఎనిమిదిన్నర కిలోల మధ్యే ఉంటుంది. ఇంకా తగ్గించుకుంటూ పోతారనే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2000లో పోటీ సైకిళ్లకు 6.8 కిలోల కనీస బరువు పెట్టింది.

కాబట్టి తేలిక అంటే బలహీనం కాదు. కానీ దీని బలానికి ఒక స్వభావం ఉంది. పోగుల వెంట లాగితే ఇనుము కూడా దీని ముందు నిలవదు. పక్క నుంచి నొక్కితే, పట్టుకారుతో పట్టినట్టు పిండితే, అక్కడ మాత్రం మెత్తన. కొన్నిచోట్ల గొట్టం గోడ మిల్లీమీటరు, ఒకటిన్నర మిల్లీమీటరే. ఇనుము పాడయ్యే ముందు వంగి చెబుతుంది. కార్బన్ చెప్పదు. లోపల పొరలు విడిపోయినా పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. అమ్మగారి భయానికి ఆధారం ఏదైనా ఉందంటే అది ఇదే. బండి తేలిక కావడంలో ప్రమాదం లేదు. బిగించేవాడి చెయ్యి బరువైతే ఉంది.

డబ్బు మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. పొదుపు కోసమని ఈ పని మొదలుపెట్టినవాళ్లు ఎవరైనా ఉంటే ఇంకా డబ్బాలు తెప్పించకముందే ఆగండి. కంపెనీలు గేర్లు, బ్రేకులు వేలల్లో ఒకేసారి కొంటాయి. మనం ఒక్కటి కొంటాం. అదే సామానుతో దుకాణంలో తయారుగా ఉన్న బండి చాలాసార్లు చవగ్గానే పడుతుంది. విడిగా కట్టుకోవడంలో లాభం వేరు. నచ్చిన చక్రం, నప్పే హ్యాండిలు, కాలికి తగిన క్రాంకు. రేపు ఏ మరమ్మతు వచ్చినా ఆ బండి కడుపులో ఏముందో తెలిసినవాడు ఇంట్లోనే ఉంటాడు. పాత రోజుల్లో ఏడాదికోసారి సైకిలు ‘ఓవరాయిలింగ్’కి ఇచ్చినప్పుడు మెకానిక్కు పక్కనే గొంతుక్కూర్చుని చూసిన వాళ్లకు ఈ సుఖం తెలుసు.

చవగ్గా దొరికే ఫ్రేముల గురించి మాత్రం జాగ్రత్త. చైనా తయారీదారులు తమ సొంత పేరుతో అమ్మే ఫ్రేములన్నీ చెడ్డవనను. అందులో మంచివీ ఉన్నాయి. పెద్ద కంపెనీ పేరు అతికించి నాలుగోవంతు ధరకు అమ్మేదాన్ని మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. పేరు విషయంలోనే అబద్ధం ఆడినవాడు లోపలి పొరల విషయంలో నిజం చెబుతాడా? ఎవరో వాడి అమ్మే ఫ్రేము అయితే, అది ఎన్నిసార్లు కింద పడిందో చెప్పేవాళ్లు ఉండరు.

ఇక సామాను. ఫ్రేము ఎంచుకున్నారంటే సగం నిర్ణయాలు మీ చేతులు దాటిపోయినట్టే. పెడళ్ల ఇరుసు కూర్చునే గూడు చూడండి. కొన్ని ఫ్రేముల్లో మరలు ఉంటాయి, కప్పులు తిప్పి బిగించుకోవచ్చు. కొన్నింట్లో నున్నగా ఉంటుంది, బేరింగులను ఒత్తి దిగ్గొట్టాలి. ఇంట్లో పనిచేసేవాళ్లకు నా ఓటు మరలున్నదానికే. ఒత్తి దిగేదానికి ప్రత్యేకమైన ప్రెస్సు కావాలి, రేపు కిర్రు కిర్రుమంటే ఊడదియ్యడానికి మరో పనిముట్టు కావాలి. గేర్లు తీగతో నడిచేవా, బ్యాటరీతో నడిచేవా అన్నదీ ఫ్రేమే చెబుతుంది. తీగ వెళ్లే దారి లేని ఫ్రేములు ఇప్పుడు చాలా వస్తున్నాయి. వెనక చక్రం హబ్బు షిమానోకు వేరు, శ్రామ్‌కు వేరు, కంపానోలోకు వేరు. ఇవి చూసుకోకుండా డిస్కౌంటు కనిపించిందల్లా కొంటే చివరికి దుప్పటి మీద ఒకదానికొకటి సంబంధంలేని చుట్టాలు కూర్చుంటారు.

సైజు మరీ ముఖ్యం. 54, 56 అన్న అంకెలు కంపెనీకో రకంగా ఉంటాయి. వాటిని నమ్మకుండా ఫ్రేము ఎత్తు, ముందుకు సాగే దూరం అనే రెండు కొలతలు చూడాలి. స్టాక్, రీచ్ అంటారు వాటిని. సీటు ఎత్తుకు పాత లెక్క ఒకటుంది. గోడకు ఆనుకుని చెప్పుల్లేకుండా నిలబడి, కాళ్ల మధ్య ఒక గట్టి అట్ట పుస్తకం పెట్టుకుని నేల నుంచి కొలవండి. వచ్చిన అంకెను 0.883తో గుణించండి. 80 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి, 70.6. పెడల్ ఇరుసు మధ్య నుంచి సీటు పై భాగానికి అంత దూరం. అక్కడి నుంచి మొదలుపెట్టి మోకాలు చెప్పినట్టు కొద్దికొద్దిగా మార్చుకోవాలి.

ఇప్పుడు అసలు భయపడాల్సిన చోటు. ఫోర్కు పైనుంచి ఒక గొట్టం ఫ్రేములోంచి బయటికి వస్తుంది. దాన్ని స్టీరర్ అంటారు. హ్యాండిలును పట్టే స్టెమ్ దానిమీదే కూర్చుంటుంది. అంటే మనిషి చేతుల బరువు, ముందు చక్రం తినే దెబ్బ, బ్రేకు గుంజుడు అన్నీ ఆ ఒక్క గొట్టం మీదే. 2006 పారిస్-రూబె పందెంలో జార్జ్ హింకాపీ సైకిలుకు స్టీరరే విరిగింది. హ్యాండిలు చేతిలోకి వచ్చేసింది, మనిషి కింద పడి భుజం దెబ్బతింది. అది కార్బన్ స్టీరర్ కూడా కాదు, అల్యూమినియందే. ఏ లోహమైనా ఆ చోట విరిగితే ఆపడానికి మన దగ్గర ఏమీ ఉండదని చెప్పడానికే ఈ ఉదాహరణ.

కంపెనీ ఈ గొట్టాన్ని పొడుగ్గా వదిలేస్తుంది. మన ఎత్తుకు తగ్గట్టు మనమే కొయ్యాలి. తొందరపడి మొదటిరోజే కొయ్యకండి. ఎక్కువైన పొడవు స్టెమ్ పైన ఉండేటట్టు రింగులు పెట్టి, కొన్ని వారాలు తొక్కండి. చూడ్డానికి కొంగ మెడలా ఉంటుంది, ఉండనివ్వండి. నడుము, మెడ కుదురుకున్నాక కొయ్యండి. తెగిన గొట్టాన్ని అతికించే జిగురు లేదు మరి. రంపానికి సన్న పళ్ల బ్లేడు వెయ్యాలి, అంగుళానికి 32 పళ్లది దొరుకుతుంది. కోసేచోట కాగితపు టేపు చుట్టి, ఒకవైపు నుంచే దబాయించకుండా గొట్టాన్ని తిప్పుకుంటూ కోస్తే పోగులు రేగవు. తర్వాత సన్న గరుకు కాగితంతో అంచు రుద్ది, పారదర్శకమైన గోళ్ల రంగో, జిగురో పట్టించాలి. ఇది హాల్లో చేసే పని కాదు. ఆ నల్లటి పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, చర్మానికి దురద. బాల్కనీలోనో డాబా మీదో, ముక్కుకు మంచి మాస్కు కట్టుకుని, బ్లేడును నీళ్లతో తడుపుతూ కొయ్యాలి. పొడిని చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో ఎత్తాలి. పిల్లలుంటే లోపల ఉంచండి.

స్టీరర్ లోపల ఒక వ్యాకోచించే ప్లగ్గు వస్తుంది. అది స్టెమ్ పట్టు పడే ఎత్తులోనే ఉండాలి. పట్టు బిగిసినప్పుడు గొట్టం లోపలికి నలగకుండా కాచేది అదే. ఇనుప, అల్యూమినియం ఫోర్కులకు సుత్తితో కొట్టి దింపే నక్షత్రపు నట్టును కార్బన్‌లో దింపితే గొట్టం లోపలి గోడలు గీరుకుపోతాయి. బిగించే వరస కూడా ముఖ్యమే. ముందు పై మూత బోల్టుతో బేరింగుల వదులు తియ్యాలి, ఆ తర్వాతే స్టెమ్ పక్క బోల్టులు. ముందు బ్రేకు పట్టుకుని బండిని ముందుకూ వెనక్కీ ఊపితే టక్కుమనకూడదు, హ్యాండిలు తిప్పితే పట్టేసినట్టు ఉండకూడదు.

ఎంత గట్టిగా బిగించాలి? మన మెకానిక్కులకు దీనికి ఒకే సమాధానం... ‘ఇంకో అర చుట్టు’. కార్బన్‌కు అది చెల్లదు. స్టెమ్ మీద, సీటు పట్టు మీద 5 ఎన్ఎం అనో, 6 ఎన్ఎం అనో చిన్న అక్షరాలు కనిపిస్తాయి. న్యూటన్ మీటర్లన్నమాట. పది సెంటీమీటర్ల ఆలెన్ కీ చివర అయిదు కిలోల బియ్యం సంచి వేలాడదీస్తే ఎంత బలమో 5 న్యూటన్ మీటర్లు అంత. చెయ్యి తిరిగినవాడు తెలియకుండానే దానికి రెట్టింపు పెట్టేస్తాడు. అందుకే టార్క్ రెంచి కొనాల్సిందే. లక్ష దాటిన బండి కొని అక్కడ కక్కుర్తి పడితే ఎలా? అనుకున్న అంకె దగ్గర పెడితే, అంత బలం రాగానే అది ‘క్లిక్’మంటుంది. ఆపెయ్యాలి. ఈ పని అమ్మగారికి అప్పజెప్పమని నా సలహా. కొడుకు పట్టుకుంటాడు, ఆవిడ క్లిక్ వినేదాకా తిప్పుతారు. బోల్టులన్నీ తన చేతి మీదుగా బిగిసిన బండి గురించి నిద్ర మానుకోవడం కొంచెం తగ్గుతుంది.

గ్రీజు దగ్గర మరో తిరకాసు. గ్రీజు రాస్తే అన్నీ బాగుంటాయన్నది పాత సైకిలు నీతి. ఇనుప మరలకు, పెడల్ మరలకు ఇప్పటికీ అదే. కార్బన్ సీటు గొట్టానికి మాత్రం వద్దు. రాస్తే జారుతుంది. జారిందని ఇంకా బిగిస్తాం. బిగిస్తే పగులుతుంది. దీనికి సన్న ఇసుకలాంటి పలుకులున్న పేస్టు విడిగా అమ్ముతారు. అది రాస్తే తక్కువ బిగింపుకే పట్టు నిలుస్తుంది. స్టాండుకు బిగించేటప్పుడు కూడా సీటు గొట్టం దగ్గర పట్టుకోవాలి తప్ప ఫ్రేము గొట్టాన్ని నొక్కకూడదు.

క్రాంకులు, పెడళ్లు తేలికే, ఒక్క చిక్కుంది. ఎడమ పెడల్‌కు మర తిరగేసి ఉంటుంది. తొక్కుతుంటే ఊడిపోకుండా ఈ ఏర్పాటు. విమానం ఎగరేసిన రైట్ సోదరులు అంతకుముందు డేటన్ ఊళ్లో సైకిలు షాపువాళ్లే. ఇలా రెండువైపులా వేర్వేరు మరలున్న పెడళ్లు చేస్తున్నట్టు 1900లోనే ప్రకటించారు. మరల కప్పులున్న ఇంగ్లిషు తరహా గూడులో మాత్రం కుడివైపుదే తిరగేసి ఉంటుంది. రాకపోతే బలం పెట్టకండి. ఒకసారి తిప్పే దిక్కు చూసుకోండి.

చైను, గేర్ల గురించి ఎక్కువ చెప్పను. చైనును ముందు పెద్ద పళ్ల చక్రం, వెనక పెద్ద పళ్ల చక్రం మీదుగా నేరుగా చుట్టి, రెండు లింకులు కలుపుకుని కత్తిరించడం వాడుక. గేరు కంపెనీ కాగితంలో ఇంకోలా రాసి ఉంటే అదే చెయ్యాలి. గేర్లు ఒకదాని తర్వాత ఒకటి మెత్తగా పడేటట్టు చేసుకోవడానికి ఒక ఆదివారం పోతుంది. పోనివ్వండి. అక్కడ తప్పు జరిగితే చప్పుడు వస్తుంది, అంతే.

బ్రేకులలా కాదు. ఇప్పుడు దాదాపు అన్నీ నూనెతో పనిచేసే డిస్కు బ్రేకులు. గొట్టంలో చిన్న గాలి బుడగ మిగిలినా లీవరు హ్యాండిలు దాకా మెత్తగా వెళ్లిపోతుంది, బండి ఆగదు. షిమానోకు మినరల్ ఆయిలు. శ్రామ్ బ్రేకుల్లో ఎక్కువగా కార్లకు వాడే డాట్ ఫ్లూయిడ్. ఒకదాంట్లో ఇంకోటి పోస్తే లోపలి రబ్బరు సీళ్లు పాడవుతాయి. ఈ ఒక్క పని, మొదటిసారి కట్టేవాళ్లు, అనుభవమున్న మెకానిక్కు దగ్గర చేయించుకోవడమే మేలని నేను చెబుతాను. అందులో నామోషీ ఏమీ లేదు. డబ్బులిచ్చి, పక్కనే నిలబడి నేర్చుకోవచ్చు. ఇంకో సంగతి. అమెరికావాళ్ల వీడియోలు చూసి బిగిస్తే ముందు బ్రేకు ఎడమచేతికి వస్తుంది. మన అలవాటు కుడిచేతికి. మోటార్ సైకిలుకూ అంతే. కుక్క అడ్డం వచ్చినప్పుడు ఆలోచించడానికి టైముండదు కాబట్టి ఇంట్లో మిగతా బండ్లకు ఎలా ఉందో అలాగే పెట్టించండి. డిస్కు రేకు మీద నూనె వేలు పెట్టకూడదన్నది సరే. కొత్త ప్యాడ్లు మొదటే సరిగా పట్టవు. ఖాళీ రోడ్డు మీద ఓ మోస్తరు వేగం అందుకుని, దాదాపు ఆగేదాకా తగ్గించి, మళ్లీ వేగం పెంచి... ఇలా ఇరవై, ముప్పై సార్లు చేశాక అసలు పట్టు వస్తుంది.

మొదటి వారం ఇంటి చుట్టుపక్కలే. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల నీడలో 23 కిలోమీటర్ల సైకిలు దారి 2023లో వచ్చింది. మిగతా ఊళ్లవాళ్లకు తెల్లవారుజామే దిక్కు. వంద కిలోమీటర్లు తిరిగాక టార్క్ రెంచితో బోల్టులన్నీ మళ్లీ చూడాలి. కొత్త బండిలో అన్నీ ఒకసారి సర్దుకుంటాయి, కొన్ని వదులవుతాయి. అయితే ఎప్పుడైనా బండి గట్టిగా పడిందంటే, గీత కనిపించకపోయినా హ్యాండిలు, స్టీరర్ విప్పి చూడాల్సిందే. రూపాయి బిళ్లతో గొట్టం వెంట తడుతూ వెళితే బాగున్నచోట ఖంగుమంటుంది, పొరలు విడినచోట మట్టికుండ పగిలినట్టు బొంగురుగా వస్తుంది. గోడ మందం మారినా చప్పుడు మారుతుంది కాబట్టి ఇదే తుది తీర్పు కాదు, కానీ అనుమానానికి చాలు. ఫ్రేము గొట్టం పగిలితే బాగుచేసేవాళ్లు ఉన్నారు. స్టీరర్, హ్యాండిలు అయితే బాగుచేయించాలనే ఆలోచనే వద్దు. మార్చెయ్యండి.

విశాఖ, కాకినాడ వైపు పాఠకులకు ఒక అదనపు మాట. ఉప్పుగాలి, చెమట తగిలినచోట కార్బన్‌ను ఆనుకున్న అల్యూమినియం తొందరగా తినేసుకుపోతుంది. కార్బన్ ఫ్రేములో అల్యూమినియం సీటు గొట్టం ఉంటే ఏడాదికి కదలనంతగా పట్టేస్తుంది. రెండు మూడు నెలలకోసారి బయటికి లాగి, తుడిచి, మళ్లీ పేస్టు రాసి పెట్టుకోవాలి. ట్రైనర్ మీద ఇంట్లోనే తొక్కేవాళ్లకు ఇది మరీ ఎక్కువ. చెమటంతా హ్యాండిలు బోల్టుల మీదే కారుతుంది.

తండ్రిగారికి చివరగా ఒక పని మిగిలింది. బండిని తిరగేస్తే పెడల్ ఇరుసు గూడు కింద చాలా ఫ్రేములకు సీరియల్ నంబరు ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసి, సామాను బిల్లులన్నీ దానికి కలిపి కుట్టి, బీరువాలో స్కూటర్ కాగితాల పక్కన పెట్టెయ్యండి.